దత్తుబండి

కాశీబుగ్గ మూడురోడ్ల దగ్గర ఎవరాపినా ఒకటే అడుగుతారు
"ఏ కంపెనీదమ్మా?"
డాట్సన్ అంటాను.
"అదేటి? అలాంటిదొకటుందా?"
ఉండేది.

మా అత్త ఆదెమ్మకి ఆ పేరు నోరు తిరగలేదు.
"దత్తుడా? మంచిదే.
కడుపున పుట్టకపోతే ఏటి, పిలిస్తే పలికితే సాలు" అని
బానెట్ మీద పసుపు రాసి
దత్తుబండి చేసేసింది.

పద్దెనిమిదేళ్లు జీడిపిక్కలు కొట్టిన సొమ్ము.
వేళ్ల చివర నలుపు ఇంకా ఉంది చూడండి, సబ్బుకి పోదు.
టెక్కలి కోర్టు గుమస్తా వాడి వదిలేసిన బండి,
నాకు నలభై నాలుగో ఏట మొదటి కారు.
నేర్పిన కుర్రాడు పిన్నీ పిన్నీ అంటూనే
తన వైపు బ్రేకు మీంచి కాలు తియ్యలేదు నెల్లాళ్లూ.

తలుపేస్తే గొళ్లెం పడినట్టుండదు,
పళ్లెం పడినట్టుంటుంది.
గేరుకర్ర నేలలోంచి మొలవలేదు, ఎదురుగా గోడలోంచి పొడుచుకొచ్చింది.
పాటలపెట్టె లేదు. ఫోను నిలబెట్టడానికో పీట మాత్రం ఉంది.
మెట్ట ఎక్కేటప్పుడు ఏసీ కట్టాలి,
లేకపోతే అలిగిన గేదె.
అద్దానికి వైపరు ఒక్కటే.
"రెండోది మిగుల్చుకున్నారు, మనలాంటోళ్లే" అన్నాడు
మా ఆయన నీలాచలం.

తిత్లీ రేత్రి
బట్టీ రేకులు ఒక్కొక్కటే లేచిపోతుంటే
ఆరుగురు ఆడాళ్లం ఈ బండిలో కూచున్నాం.
ఎక్కడికీ వెళ్లలేదు. వెళ్లడానికి రోడ్డెక్కడుంది?
ఆ ఒక్క వైపరూ అలా ఆడుతూనే ఉంది.
తుడిచినంత మేర కొబ్బరిచెట్టు కనబడింది.
నీళ్లు కమ్మేశాయి.
మళ్లీ తుడిచింది.
చెట్టు లేదు.
వెనక సీట్లో పోలమ్మ వేళ్లు మడిచి
ఎన్ని చెట్లు పోయాయో లెక్కపెడుతోంది.
మేమున్న రేకుడబ్బా
తెల్లారేదాకా నేల వదల్లేదు.

తయారీ ఆపేశారన్న కబురు
మెకానిక్కు తవిటయ్య మోసుకొచ్చాడు, చావుకబురు మోసినట్టు,
కూచోకుండా, నిలబడే.
తరవాత జాకీ మీద బండినెత్తి
దీని పుట్టుక చెప్పాడు.
జపానులో ఎవరో ముగ్గురు డబ్బు పెట్టారంట.
ముగ్గురి ఇంటిపేర్ల మొదటి అక్షరాలూ కలిపితే దాట్.
పెద్ద బండికి ఆ పేరు. చిన్నబండి పుడితే దాట్ కొడుకన్నారు.
వాళ్ల భాషలో ఆ కొడుకు మాటకి నష్టం అని అర్థమొచ్చింది.
నష్టాన్ని తీసి సూర్యుణ్ణి పెట్టారు.

"అయితే అత్త తప్పు పలకలేదు" అన్నాను.
తవిటయ్యకి అర్థం కాలేదు.
"ఒకపాలి ముందే ఆపేశారమ్మా ఈ పేరు.
ముప్పై ఏళ్లు మూలనుంచి
మళ్లీ లేపేరు, సవకబండని, మన కోసమే.
ఇప్పుడిది రెండోపాలి."
రెండుసార్లు వదిలేసిన పిల్లని
ఎవరింట్లో పెంచుతున్నారో
వదిలినవాళ్లకి తెలుసా అని నాకనిపించింది గానీ
పైకి అనలేదు. బ్రేకు ప్యాడ్ల ధర అడిగాను.

విజయనగరంలో బండి సర్వీసుకిచ్చిన షెడ్డులో
ఇప్పుడు టైల్సు అమ్ముతున్నారు.
బుష్షులు సాలూరు లేతులో చేయించాను.
కొన్ని సామాన్లు పెద్దకంపెనీ బండివి సరిపోతాయి,
అన్న చొక్కా తమ్ముడికి పట్టినట్టు, భుజాల దగ్గర కాస్త వదులు.

మొన్న మడపాం టోలుగేటు దాటాక
ఎదురుగా అదే మూతి, అదే తెలుపు, ఇంకో దత్తుడు.
లైటు కొట్టాడు. కొట్టాను. ఇద్దరం రోడ్డు పక్కకి దిగాం.
సోంపేటలో లెక్కల మాస్టారంట. పేరడగడం మరిచిపోయాను.
లీటరుకెంతిస్తోందని ఆయన, వెనక తలుపు కిర్రుమంటుందా అని నేను,
చుట్టాల ఆరోగ్యాలు అడిగినట్టు.
వెళ్లబోతూ మెల్లగా
"వైపరు బ్లేడు ఎక్కడైనా దొరికిందామ్మా?
వానలు దగ్గరికొచ్చేశాయి."

బరంపురంలో రెండు కొన్నాను పోయిన నెల.
డిక్కీ తీశాను.